ఆప్షన్లు పెట్టేముందు హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలు వెళ్లి చూడాలా? చూస్తే ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇది: ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు సూర్యాపేట నుంచి హైదరాబాద్ వచ్చి కాలేజీలు స్వయంగా చూడాలని ఉంది, నాన్నగారేమో "అన్నీ నెట్‌లోనే ఉన్నాయి కదా, చార్జీలు దండగ" అంటున్నారు. వెళ్తే ఉపయోగం ఉంటుందా, వెళ్లినా కాలేజీకీ కాలేజీకీ తేడా ఎలా తెలుస్తుంది?

వెళ్లండి. నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. నేను ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చదివాను. ఆ తర్వాత మా అక్క కూతురి కౌన్సెలింగ్ అప్పుడు తనతో పాటు గండిపేట వైపు, బాచుపల్లి వైపు, ఘట్‌కేసర్ వైపు తిరిగాను. విద్యార్థిగా ఒకసారి, ఇంటి పెద్దగా ఇంకోసారి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. మనం పోల్చాల్సింది చేరబోయే డిపార్ట్‌మెంట్లను. కాలేజీ పేరు ఆ తర్వాత సంగతి. ఒకే క్యాంపస్‌లో ఒక బ్రాంచి బ్రహ్మాండంగా నడుస్తూ, పక్క బ్లాకులో కొత్తగా పెట్టిన బ్రాంచి అరకొరగా నెట్టుకొస్తుండటం చాలాచోట్ల ఉంది.

బస్సెక్కే ముందు ఇంట్లో చేయాల్సిన పని కొంత ఉంది. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గత ఏడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో కేటగిరీల వారీగా, అమ్మాయిలకూ అబ్బాయిలకూ విడివిడిగా ఇస్తారు. మీ ర్యాంకుకు కాస్త పైనా కాస్త కిందా ఉన్న కాలేజీలు రాసుకోండి. అవే చూడండి. ఐఐటీ, ట్రిపుల్ ఐటీ, బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లకు ఈఏపీసెట్‌తో సంబంధం లేదు కాబట్టి ఆ దారి వేరు.

అక్రెడిటేషన్, అంటే నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపు, దగ్గర చాలామంది తికమకపడతారు. న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ మాత్రం బ్రాంచి వారీగా ఇస్తారు. బోర్డు మీద "ఎన్‌బీఏ అక్రెడిటెడ్" అని ఉంటే అది మీ బ్రాంచికి ఉందా, గడువు ఎప్పటిదాకా అని అడగాలి. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వస్తే గానీ ఒక బ్రాంచికి ఎన్‌బీఏ అడగడానికి వీలుండదు. మన దగ్గర ఏఐ అండ్ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్), డేటా సైన్స్ లాంటి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) బ్రాంచిలు ఎక్కువగా 2020 నుంచే మొదలయ్యాయి. వాటి మొదటి బ్యాచ్ బయటికొచ్చింది 2024లో. అందుకే ఆ బ్రాంచిల గురించి ఎవరైనా పదేళ్ల ప్లేస్‌మెంట్ చరిత్ర చెప్తుంటే అది మామూలు సీఎస్ఈ లెక్క అని గుర్తుపెట్టుకోండి.

సీట్ల సంగతి ఇంకా ముఖ్యం. 2024-25 నుంచి ఏఐసీటీఈ (దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే మండలి) బ్రాంచికి ఇన్నే సీట్లు అనే పరిమితి ఎత్తేసింది. సీఎస్ఈ సెక్షన్లు పెంచుకున్న కాలేజీలు ఉన్నాయి. సెక్షన్లు పెరిగినంత తేలిగ్గా మంచి లెక్చరర్లు దొరకరు. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏడాదికి 180 సీట్లున్న బ్రాంచి అంటే నాలుగేళ్లకు 720 మంది. ఫస్టియర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చెప్పేవాళ్లను కలుపుకున్నా 36 మంది కావాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ లిస్టు ఉంటుంది, ఫోన్‌లో దాచుకుని వెళ్లండి. అందులో ఓ నాలుగు పేర్లు సీనియర్ల దగ్గర చదవండి. "ఈ సార్ మీకేం చెప్తారు?" అని అడిగితే వాళ్ల మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

ఇక వెళ్లడం. ఆదివారం, సెలవు రోజు వద్దు. సీనియర్లకు క్లాసులు జరుగుతున్న రోజు చూసుకోండి, లేకపోతే ఖాళీ బిల్డింగులు చూసి వస్తారు. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు ముందే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. గేటు దగ్గర అడ్మిషన్ కోసమని చెప్తే అడ్మిషన్ ఆఫీసుకు పంపిస్తారు. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడతారు, ఆడిటోరియం చూపిస్తారు, బ్రోచర్ ఇస్తారు. అన్నీ విని, "ఈసీఈ ల్యాబ్‌లు చూడొచ్చా సార్?" అని అడగండి. చూపించమని తేల్చి చెప్పే కాలేజీ మీద నాకు అక్కడే నమ్మకం పోతుంది.

ల్యాబ్‌లో ఎంత కొత్త పరికరాలున్నాయో చూసి మురిసిపోకండి. వాడుతున్నారా లేదా చూడండి. ఒక కాలేజీలో సీఆర్ఓల (సిగ్నల్‌ను తెర మీద చూపించే పరికరాల) నాబ్‌ల చుట్టూ అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి, ప్రోబ్‌ల వైర్లకు టేపు చుట్టి ఉంది. పిల్లలు రోజూ చేయి పెడితేనే అలా అవుతుంది. నాకు ఆ ల్యాబ్ చాలా నచ్చింది. ఇంకో కాలేజీలో మెరిసిపోయే పరికరాలు, కొన్నింటి మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. అక్కడే బల్ల మీద ఒకమ్మాయి ల్యాబ్ రికార్డు ఉంటే అడిగి తిరగేశాను. మొదటి ప్రయోగం నుంచి చివరి ప్రయోగం దాకా సంతకాలన్నీ ఒకే తేదీతో, ఒకే పెన్నుతో ఉన్నాయి. అంటే సెమిస్టర్ చివర్లో కూర్చుని అందరూ కాపీ కొట్టి రాసుకున్నారన్నమాట. ఫీజు కట్టి చేరిన పిల్లలకు ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? మీరు వెళ్లినచోట తప్పకుండా ఒక రికార్డు అడిగి చూడండి. పనిలో పనిగా ఒక్కో కిట్ దగ్గర ఎంతమంది చేస్తారో కూడా అడగండి. ఇద్దరు ముగ్గురైతే పర్వాలేదు. ఆరుగురంటే ఒకరు చేస్తారు, ఐదుగురు చూస్తారు.

లంచ్ టైమ్‌లో క్యాంటీన్‌కు వెళ్లండి. మూడో సంవత్సరం వాళ్లను వెతికి పట్టుకోండి. ఫస్టియర్ వాళ్లకు ఇంకా ఏమీ తెలియదు, ఫైనలియర్ వాళ్లు ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉంటారు. ప్రతి కాలేజీలోనూ అవే ప్రశ్నలు అడగాలి, అప్పుడే పోల్చడానికి వస్తుంది. పోయిన వారం ఎన్ని క్లాసులు జరగలేదు? సెమిస్టర్ మధ్యలో ఎవరైనా సార్ మానేస్తే ఆ సబ్జెక్టు ఎవరు చెప్పారు? ప్రాజెక్టు సొంతంగా చేస్తారా, బయట కొనుక్కుంటారా? అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళ్లేవాళ్లు ఎంతమంది, ఎందుకు? మా అక్క కూతురు ముందు మొహమాటపడింది. టీ తాగుతున్న ఇద్దరమ్మాయిల దగ్గర కూర్చుని మాటల్లో పడ్డాక, హాస్టల్ నీళ్ల దగ్గర్నుంచి ఇంటర్నల్ మార్కుల దాకా అన్నీ వాళ్లే చెప్పేశారు. మీరు అమ్మాయి అయితే అక్కడి అమ్మాయిలను ఒక్కటి ప్రత్యేకంగా అడగండి: సాయంత్రం ల్యాబ్ ఆలస్యమైతే ఇంటికి ఎలా వెళ్తారు?

ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీల మీద ఉండే పెద్ద ప్యాకేజీ ఒక్కరికి వచ్చింది. మీకు కావాల్సింది మీ బ్రాంచిలో మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో. "ఎంతమంది అర్హులు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఒక్కరికే రెండు మూడు ఆఫర్లు వస్తే ఎలా లెక్కపెట్టారు" అని అడగండి. సరిగ్గా లెక్క పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది లేకుండా చెప్తారు.

పాత కాలేజీలకు ఒక బలం ఉంది, కాదనను. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. కూకట్‌పల్లి జేఎన్టీయూ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. గండిపేట సీబీఐటీ 1979లో, ఇబ్రహీంబాగ్ వాసవి 1981లో వచ్చాయి. ఎక్కడికి వెళ్లినా వాళ్ల సీనియర్లు ఉంటారు, ఇంటర్న్‌షిప్ అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. కానీ వయసు చూసి నచ్చని బ్రాంచి తీసుకోవద్దు. సర్క్యూట్లంటే పడని పిల్ల పేరున్న కాలేజీలో ఈసీఈ తీసుకుని నాలుగేళ్లు ఏడవడం నేను దగ్గర్నుంచి చూశాను.

దూరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీరు ఎల్బీ నగర్‌లో మీ బాబాయి గారింట్లో ఉంటానని రాశారు. అక్కడి నుంచి బాచుపల్లి అంటే మెట్రోలో జేఎన్టీయూ కాలేజీ స్టేషన్ దాకా వచ్చి, మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి. రోజూ రానూపోనూ మూడు గంటలు అనుకోండి. కాలేజీకి వెళ్లే రోజు కారు మాట్లాడుకోకండి. పొద్దున తొమ్మిదికి కాలేజీలో ఉండాలంటే ఎన్నింటికి బయల్దేరాలో, మీరు రోజూ వెళ్లబోయే దారిలోనే వెళ్లి చూడండి. నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం వైపు మీ ర్యాంకుకు తగ్గవి ఉంటే వాటిని కూడా జాబితాలో పెట్టండి.

ఫీజు ప్రైవేటు కాలేజీలన్నిటికీ ఒకటి కాదు, రాష్ట్ర ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కాలేజీ వారీగా ఖరారు చేస్తుంది. లక్షన్నర దాటినవి కూడా ఉన్నాయి. అది కాక బస్సు, హాస్టల్, ఇతర ఫీజులు అని ఏమేం తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లయితే, డబ్బు ఆలస్యంగా వస్తే మధ్యలో మమ్మల్ని కట్టమంటారా అని సీనియర్లను అడగండి. అది ఆఫీసులో చెప్పే సంగతి కాదు.

చివరగా కన్సల్టెన్సీల గురించి. "ఆ కాలేజీలో సీటు ఇప్పిస్తాం, ఆప్షన్లు మేమే పెడతాం" అని ఫోన్లు వస్తాయి. లాగిన్ పాస్‌వర్డ్ గానీ, ఓటీపీ గానీ ఎవరికీ ఇవ్వకండి. చూసి వచ్చిన రోజు రాత్రే ఒక్కో కాలేజీ గురించి నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి, రెండు రోజులు పోతే అన్నీ కలగలిసిపోతాయి. ఆప్షన్ల వరుసలో మీకు నిజంగా నచ్చిన డిపార్ట్‌మెంటే మొదట పెట్టండి. పోయినేడాది ర్యాంకు కొంచెం అందకపోయినా పైన పెట్టడం వల్ల కింది ఆప్షన్‌కు నష్టం ఉండదు. ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. కానీ మీకు ఇష్టం లేని కాలేజీ మాత్రం జాబితా నింపడానికని పెట్టకండి. ఆ సీటే వచ్చే వీలుంది.