సదోలో ఇల్లు తీసుకునే ముందు

చిన్నీ,

మావయ్య దీవెనలు. టోక్యోలో మీ నిషి కసాయ్ అపార్ట్‌మెంట్ ఇరుకు మీ ఇద్దరికీ విసుగొచ్చిందనీ, మా సదో దీవిలో ఖాళీ ఇల్లేదైనా అద్దెకు చూడమనీ రాశావు. చూస్తాను. అయితే ‘ప్రకృతి ఒడిలో బతకాలి మావయ్యా’ అన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. ఇక్కడ ఒడీ లేదు, జోలపాటా లేదు. గట్టు మీద గడ్డి కోస్తావా, కొయ్యవా అన్నదే లెక్క.

ఇలాంటి చోటుని జపాన్‌లో సతోయామా అంటారు. సతో అంటే ఊరు, యామా అంటే కొండ. ఊరి వెనక అడవి, దాని కింద చెరువు, కాలవ, మెట్లు మెట్లుగా మళ్లు. ఇదంతా కలిపితే అది. నువ్వు ఫొటోలో చూసిన అడవి కూడా మనుషులు సాకిందే. కొనారా, కునుగి అనే ఓక్ చెట్లను పదిహేను, ఇరవై ఏళ్లకోసారి మొదలుదాకా నరికేవాళ్లు. మన జామాయిల్ మోడు చిగురేసినట్టే అవీ మళ్లీ లేస్తాయి. కొయ్య బొగ్గుకీ పొయ్యికీ, ఆకు పొలానికీ. 1960ల్లో గ్యాసు, కిరసనాయిలు, రసాయన ఎరువులు వచ్చాక నరికే పని పోయింది. చెట్లు ముదిరి, కిందికి ఎండ దిగక, వసంతంలో నేల మీద పూసే పూలు తగ్గిపోయాయి. వదిలేస్తే అడవి బాగుపడుతుందని నేనూ అనుకునేవాణ్ని.

తోకి గురించి అడిగావు. మన కంకణం పిట్టకు చుట్టం. ఎర్ర మొహం, రెక్క విప్పితే గులాబీ రంగు. జపాన్‌లో పుట్టిన ఆఖరి తోకి 2003లో ఇక్కడే పోయింది. చైనా 1999లో ఇచ్చిన జంటతో సంతతి పెంచి, 2008 సెప్టెంబరులో 10 పక్షుల్ని వదిలారు. వదిలితే చాలదు కదా, తిండి కావాలి. అది తినేది మడిలోని కప్పలూ, బురదచేపలూ. వేసవి మొదట్లో మడిని ఆరగట్టినప్పుడు అవి చావకుండా, అంచునే చిన్న కాలవ తవ్వి నీళ్లుంచుతారు. దాన్ని ‘ఎ’ అంటారు. పోయినేడు మడి నెర్రెలిచ్చిన రోజు ఆ నీళ్లలో చెయ్యి పెడితే తోకకప్పలు వేళ్ల సందున బఠానీల్లా కదిలాయి. (పూర్వం నారు తొక్కేస్తుందని ఈ పక్షినే రైతులు తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు కారు దిగకుండా చూడమంటున్నారు.)

ఇలా పండించిన బియ్యానికి తోకి పేరుతో ముద్ర ఉంది. ఆ ముద్ర కావాలంటే గట్ల మీద కలుపు మందు కొట్టకూడదు. మరి గడ్డి ఎవరు కొయ్యాలి? నువ్వే. అందుకే మీ ఆయనకి ఇప్పుడే చెప్పు: గడ్డి మిషన్ బ్లేడు ఎడమవైపుకి తిరుగుతుంది కాబట్టి కుడి నుంచి ఎడమకి కొయ్యాలి. కుడి అంచుతో మోడునో రాయినో తాకితే మిషన్ ఎగిరి మీదికొస్తుంది. మొహానికి అడ్డు లేకుండా ముట్టుకోవద్దు. నేను తొలి ఏడు పక్కవాళ్ల కారు అద్దం పగలగొట్టాను. చూసుకోకుండా గులకరాయి మీద పెట్టేశాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. వసంతంలో నీళ్లు వదిలే ముందు ఊరంతా కాలవ పూడిక తీస్తారు, ఇంటికో మనిషి చొప్పున. ఆదివారం పొద్దున్నే కదా, నాకు మడి కూడా లేదు కదా అని పడుకున్నాను. ఒక్కరూ ఏమీ అనలేదు. అదే టెన్షన్! నెల తర్వాత పక్కింటి ముసలమ్మ ముల్లంగి ఇస్తూ ‘ఆ రోజు ఒంట్లో బాలేదా?’ అంది. సిగ్గుతో చచ్చాననుకో. కొన్ని ఊళ్లలో రానివాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటారు. నన్నడిగితే అదే నయం. రాలేకపోతే ముందురోజే వెళ్లి చెప్పు.

గుమ్మంలో కూరగాయలు పెట్టిపోతారు. వెంటనే బదులు తీర్చెయ్యకు, బాకీ కట్టినట్టుంటుంది. వారం ఆగి ఏదైనా ఇవ్వు. ఆవకాయ మాత్రం వద్దు, ఒకాయన మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. కారం తగ్గించిన నిమ్మకాయ ఊరగాయ బాగానే పోతోంది. కొండ మీద వరబి అనే ఫెర్న్ మొక్క చిగుళ్లు కనబడితే ఎవరి కొండో అడక్కుండా తెంపకు. తెంపినా బూడిద వేసిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టనిదే తినకూడదు.

ఇక్కడ అడవిపందులూ ఎలుగులూ లేవు, ఆ బాధ పెద్ద దీవి హోన్షూ వాళ్లది. మా బాధ చలికాలం గాలి. నాట్లప్పుడు వచ్చి చూసి ఇల్లు ఖాయం చేసుకోవద్దు. ఫిబ్రవరిలో రండి. నీగాత రేవు నుంచి జెట్‌ఫాయిల్ అనే వేగం పడవలో గంట పైచిలుకే, కానీ అలలుంటే ఆపేస్తారు. కార్లెక్కే ఫెర్రీకి టికెట్ తీసుకోండి, రెండున్నర గంటలు. ర్యోత్సు రేవులో ఉంటాను. మీ ఇద్దరి కాలి కొలతలూ పంపు, రబ్బరు బూట్లు కొని ఉంచుతాను.

మావయ్య