నాలుగు రోజుల్లో బాదామి నుంచి హంపీ దాకా

ప్రశ్న: డిసెంబరులో మాకు నాలుగు రోజుల సెలవు దొరికింది. హంపీ, బాదామి, ఐహోళె, పట్టదకల్లు, విజయపురలోని గోల్ గుంబజ్, వీలైతే బేలూరు, హళేబీడు కూడా చూసి రావాలని ఉంది. డెబ్బై ఏళ్ల మా అమ్మ, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి కూడా వస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి గాని, గుళ్లు చూడాలన్న కోరిక మా అందరికంటే ఆమెకే ఎక్కువ. ఏ వరుసలో వెళ్లాలి? ఏవి వదులుకోవాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బేలూరు, హళేబీడులను ఈసారికి వదిలేయండి. అవి హంపీకి దక్షిణంగా చాలా దూరంలో ఉన్నాయి. పైగా హొయసల శిల్పాన్ని హడావుడిగా చూస్తే చూసినట్టే ఉండదు. గోల్ గుంబజ్‌ను వదులుకోమనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ 1656లో పూర్తయిన ఆ ఒక్క కట్టడం కోసం బాదామి నుంచి వెళ్లి రావాలంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది.

మిగిలిన నాలుగింటిని చాలామంది హంపీతో మొదలుపెడతారు. మీరు మాత్రం బాదామితో మొదలుపెట్టి హంపీతో ముగించాలని నా గట్టి సలహా. విజయవాడ, గుంటూరు వైపు నుంచి గుంతకల్లు మీదుగా హుబ్లీ వెళ్లే రైలు హంపీకి దగ్గరి స్టేషనైన హోసపేటలో ఆగి గదగ్ చేరుతుంది. మీరు గదగ్‌లోనే దిగి, సుమారు 70 కిలోమీటర్లు కారులో వెళ్లి బాదామిలో రెండు రాత్రులు బస చేయండి. ఇలా చేస్తే కట్టడాలను అవి పుట్టిన కాలక్రమంలోనే చూసినట్టవుతుంది.

బాదామి అంటే తొలి చాళుక్యుల రాజధాని వాతాపి. ఎర్రటి ఇసుకరాతి కొండను తొలిచి చేసిన నాలుగు గుహాలయాలు అక్కడున్నాయి. మొదటి గుహకు మెట్లు తక్కువే; పద్దెనిమిది చేతుల నటరాజు అక్కడే దర్శనమిస్తాడు కాబట్టి అమ్మగారికి నిరాశ ఉండదు. ఇంకొక్క గుహ ఎక్కగలిగితే మూడోదానికి వెళ్లమనండి. నాలుగింటిలో అదే పెద్దది, 578 నాటి శాసనం ఉన్నదీ అదే. కోతులు చేతిలోని సంచులు లాక్కుంటాయి కాబట్టి తినుబండారాలు కారులోనే ఉంచండి. సాయంత్రం అగస్త్య తీర్థం ఒడ్డున భూతనాథాలయం మెట్ల మీద కూర్చుని, నీటికి అవతల కొండలు రంగు మారడం చూడండి. ఆ గంటలో మరో గుడి చూడొచ్చు కదా అని లేచిపోకండి.

రెండో రోజు ఉదయం ఐహోళె, మధ్యాహ్నం పట్టదకల్లు చూడవచ్చు. రెండింటికీ మధ్య దూరం పది, పన్నెండు కిలోమీటర్లకు మించదు. ఐహోళెలో వందకు పైగా గుళ్లున్నాయి గాని, దుర్గ గుడి, లాడ్‌ఖాన్ గుడి, మేగుటి జైనాలయం చూస్తే చాలు. వెనుక భాగం అర్ధచంద్రాకారంలో ఉండే దుర్గ గుడికి ఆ పేరు అమ్మవారి వల్ల కాక, పక్కనున్న కోట వల్ల వచ్చింది. మేగుటి గుట్ట మీద ఉంది కాబట్టి అమ్మగారిని కింద కూర్చోబెట్టి అబ్బాయిని మీరు తీసుకువెళ్లండి. చాళుక్య రాజు రెండో పులకేశిని కీర్తిస్తూ రవికీర్తి రాసిన 634 నాటి శాసనం ఆ గోడ మీదే ఉంది. అందులో ఆ కవి తనను కాళిదాస భారవులతో పోల్చుకున్నాడు.

ఆ శాసనం చెక్కిన ఎనిమిదేళ్లకే, 642లో, పల్లవ నరసింహవర్మ వాతాపిని పట్టుకున్నాడు. సుమారు వందేళ్ల తర్వాత చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు పల్లవుల రాజధాని కంచిని గెలిచినా, అక్కడి కైలాసనాథాలయ సంపదను దేవుడికే తిరిగి ఇచ్చినట్టు కన్నడంలో శాసనం వేయించాడు. ఆ విజయానికి గుర్తుగా అతని రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించినదే విరూపాక్షాలయం. పక్కనున్న మల్లికార్జునాలయం మరో రాణి త్రైలోక్యమహాదేవిది. ఓడిన కంచి గుడి పోలికలు గెలిచినవారి గుడిలో కనిపిస్తుంటే, మీ అబ్బాయికి ఈ కథంతా అక్కడే చెప్పండి. దక్షిణాది పద్ధతి ద్రావిడ విమానాలూ, ఉత్తరాది పద్ధతి నాగర శిఖరాలూ ఒకే ఆవరణలో పక్కపక్కనే నిలవడం పట్టదకల్లు ప్రత్యేకత. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చూసినవారికి ఆ శిఖరాలు పరిచయమైనవిగానే తోస్తాయి.

మూడో రోజు పెందలాడే బయలుదేరితే సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణించి మధ్యాహ్నానికి హంపీ చేరవచ్చు. ఆ పూటకు విరూపాక్షాలయం, దాని పక్కనే ఉన్న హేమకూటం గుట్ట, 1528 నాటి లక్ష్మీనరసింహ విగ్రహం సరిపోతాయి. విరూపాక్షాలయం లోపల ఒక చీకటి మండపంలో, చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు వల్ల పెద్ద గోపురం తలకిందులుగా గోడ మీద పడుతుంది. సైన్సు పాఠంలో చదివిన సూదిబెజ్జం కెమెరా అక్కడ రాతిలో కనబడుతుంది.

నాలుగో రోజు తెల్లవారగానే విఠలాలయానికి వెళ్లండి. వాహనాలను సుమారు కిలోమీటరు దూరంలోనే ఆపేస్తారు. అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు ఉంటాయి గాని, ఆలస్యమైతే వరుసలో నిలబడడం అమ్మగారికి శ్రమ అవుతుంది. సంగీత స్తంభాలను తట్టి చూడడం నిషిద్ధం. ఎవరైనా తట్టి చూపిస్తామన్నా దయచేసి వద్దనండి. అక్కడ కొన్న టికెట్ అదే రోజు కమలమహల్, ఏనుగుల శాలల ఆవరణకూ చెల్లుతుంది కాబట్టి పారేయకండి. మహానవమి దిబ్బ ఎక్కలేకపోయినా, దాని చుట్టూ ఉన్న ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాల వరుసలను అమ్మగారు కిందినుంచే చూడవచ్చు.

బాదామి, ఐహోళెల్లోనూ, హంపీ పక్కనున్న కమలాపురంలోనూ ఉన్న పురావస్తు మ్యూజియాలకు శుక్రవారం సెలవు. మీ ప్రయాణంలో శుక్రవారం పడితే అది మూడో రోజు అయ్యేలా టికెట్లు తీసుకోండి. ఆ రోజు సగం ఎలాగూ దారిలోనే గడుస్తుంది. తిరుగు రైలు హోసపేటలోనే ఎక్కవచ్చు.