స్కోరు 4 వస్తే ఆటిజమేనా?

ప్రశ్న: మా బాబుకి 20 నెలలు. రెండు నెలలు ముందే పుట్టాడు. 'అమ్మ', 'తాత' తప్ప వేరే మాటల్లేవు. మొన్న టీకాకి వెళ్తే ఎం-చాట్ అని 20 ప్రశ్నల కాగితం నింపించారు. స్కోరు 4 వచ్చింది, మళ్లీ రమ్మన్నారు. ఆటిజమేనా డాక్టర్ గారూ? 'వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి' అంటారు మా అత్తయ్య. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

జవాబు: 4 వచ్చినంత మాత్రాన ఆటిజం అని కాదమ్మా. ఏ పిల్లల్ని ఇంకాస్త దగ్గరగా చూడాలో చెప్పడమే ఆ కాగితం పని. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి పంపుతాం. 3 నుంచి 7 దాకా వస్తే, తేడా వచ్చిన ప్రశ్నల్నే మళ్లీ వివరంగా అడుగుతాం. మిమ్మల్ని రమ్మన్నది అందుకే. అప్పటికీ రెండో అంతకన్నా ఎక్కువో తేడాలు మిగిలితే తర్వాతి పరీక్షలు.

ఈలోపు ఒకటి గమనించండి. బిస్కెట్ కావాలని వేలు చూపించడం వేరు. ఆకాశంలో విమానం చూపించి, మీరూ చూశారా లేదా అని మీ మొహంలోకి చూడటం వేరు. నేను ముందు అడిగేది ఆ రెండో దాని గురించే. ఇంకో మాట, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి రెండేళ్ల దాకా ఆ తేడా తీసేసి వయసు లెక్కేస్తాం. అలా చూస్తే మీవాడికి ఇప్పుడు 18 నెలలే. ఆ సంగతి అక్కడ గుర్తుచేయండి.

వినికిడి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. పుట్టినప్పుడు బాగానే ఉందన్నా సరే. చాలా ఏళ్ల కిందట మాటలు రాని ఒక పాపని, తలుపు చప్పుడుకి తిరిగింది కదా అని 'చూద్దాంలే' అనేసి పంపించేశాను. ఆరు నెలల తర్వాత తెలిసింది, పెద్ద చప్పుళ్లే వినిపిస్తున్నాయి, మాటలు సరిగా వినిపించడం లేదని. ఆ ఆరు నెలలు నా ఖాతాలోవే. అప్పట్నుంచి మాటల ఆలస్యం అంటే ముందు చెవులే చూస్తున్నాను.

వాళ్ల నాన్న సంగతి కూడా డాక్టరుకి చెప్పండి, పనికొస్తుంది. కానీ దాన్ని నమ్ముకుని ఆగిపోకండి. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి జబ్బు పేరు తేలేదాకా ఆగక్కర్లేదు. వచ్చిన ఆ రెండు మాటలూ పోతే మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.

పగలంతా వాడు అత్తయ్యగారి దగ్గరే ఉంటాడా? అయితే ఆవిడనీ తీసుకెళ్లండి. ఆ ప్రశ్నలకి సగం జవాబులు ఆవిడ దగ్గరే ఉంటాయి.