పద్మిని ముందు భాగం దించే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ప్రీమియర్ పద్మిని కారు ముందు స్ప్రింగులు కోసి, ముందు భాగాన్ని రెండంగుళాలు దించాలని ఉందనీ, చేతిలో డబ్బు తక్కువనీ రాశావు. రెండంగుళాలు వద్దు. ముప్పై మిల్లీమీటర్లు దించితే చూసేవాళ్లకు తేడా తెలిసిపోతుంది, ఇంజను అడుగున ఉండే ఆయిల్ సంపూ బతుకుతుంది. మన స్పీడ్ బ్రేకర్లు ఏ ఇంజనీరూ గీసినవి కావు కదా, ఎవరి వీధిలో వాళ్లు పోసుకున్నవి.

ముందు కొలతలు తీసుకో. చదునైన గచ్చు మీద బండి పెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, బంపర్‌ను రెండుసార్లు కిందికి నొక్కి వదులు. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలువు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చి మోసం చేస్తుంది. కుడి ఎడమలకు పది మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే స్ప్రింగు చతికిలపడిందనో, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు పోయాయనో అర్థం. ఆ సంగతి తేల్చకుండా కోత మొదలుపెట్టకు.

ఎంత కొయ్యాలన్నది ఊహించేది కాదు, లెక్క కట్టేది. బండి నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్నప్పుడే, స్ప్రింగులో పక్కపక్క చుట్ల మధ్య నుంచి మధ్యకు ఎంత దూరముందో చూడు. ఒక చుట్టు తీస్తే స్ప్రింగు సరిగ్గా అంతే పొట్టిదవుతుంది. కానీ స్ప్రింగు చక్రం దగ్గర లేదు, చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంది. అందుకే చక్రం దగ్గర దిగేది అంతకన్నా ఎక్కువ. ఉదాహరణకు ఆ దూరం 22 మిల్లీమీటర్లు, ఆర్మ్ పొడవు 300, ఆర్మ్ తిరిగే లోపలి పిన్ను నుంచి స్ప్రింగు మధ్యకు 180 అనుకో. 22 ను 300తో హెచ్చించి 180తో భాగించు: సుమారు 37. అంటే ముప్పావు చుట్టు కోస్తే సుమారు 27.5 మిల్లీమీటర్లు దిగుతుంది, అది చాలు. పనిచేసే చుట్లు, అంటే బరువుకు నొక్కుకునేవి, ఏడున్న స్ప్రింగులో ముప్పావు పోతే మిగిలింది పన్నెండు శాతం గట్టిపడుతుంది. బండి కాస్త కొట్టుకున్నట్టు అనిపించడానికి కారణం అదే.

నీ బండి స్ప్రింగులు కొయ్యొద్దు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత జత ఒకటి వెతికి వాటిని కొయ్యి, అసలువి నూనె రాసి దాచు. తేడా వస్తే తిరిగి బిగించుకోవచ్చు. బండి చట్టప్రకారం తయారీదారు ఇచ్చిన లెక్కకు లోబడి ఉండాలి. ఫిట్‌నెస్ కోసం వెళ్లినప్పుడు ఎవరైనా అడిగినా ఆ దాచిన అసలు స్ప్రింగులే అక్కరకొస్తాయి.

కోసే చివర ఏదో చూసుకో. ఒక చివర సమంగా పడుకునేలా, మరో చివర తెరిచి ఉంటే తెరిచిన వైపే కొయ్యి. రెండు చివర్లూ సమంగా ఉన్నవైతే ఈ పని మానుకో, కోసిన చివర సీటులో, అంటే స్ప్రింగు ఆనే గిన్నెలో, కూర్చోదు. సీటులో చివర ఆనే మెట్టు పైనా కిందా ఉంటే ముప్పావు లెక్క పనికిరాదు, పూర్తి చుట్టే కొయ్యాలి. అప్పుడెంత దిగుతుందో మళ్లీ లెక్క కట్టు. ముప్పై దాటితే వదిలెయ్. పలుచని కటింగ్ డిస్క్‌తో ఆగి ఆగి కొయ్యి. గ్యాస్ మంట అసలు వద్దు. ఎర్రగా కాలిన చోట ఉక్కు పదును పోతుంది, కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. డిస్క్ పక్క చుట్టును గీరినా అంతే, ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. రెండు స్ప్రింగుల పొడవూ రెండు మిల్లీమీటర్ల లోపు తేడాలో ఉండాలి.

విప్పేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. బండి జాకీ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి. స్ప్రింగు కంప్రెసర్ తగిలించి, గొలుసు కూడా చుట్టి, బండి కింది అడ్డదూలానికి (క్రాస్ మెంబర్) కట్టు. ఆర్మ్ కింద జాకీ పెట్టి అంగుళం అంగుళంగా దించు. స్ప్రింగు ఎదురుగా మొహం పెట్టకు. చక్రం బిగించే హబ్బును బ్రేక్ గొట్టం (హోస్) మీద వేలాడనివ్వకు, తీగతో పైకి కట్టెయ్.

బిగించాక చక్రాన్ని గాలిలో వేలాడదీసి స్ప్రింగు చేత్తో కదుపు. వదులుగా ఆడితే గోతిలో పడ్డప్పుడు సీటు నుంచి జారుతుంది. అలాంటి స్ప్రింగు వెయ్యొద్దు. ఆర్మ్ పైకి కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు తీసెయ్యకు. అది అడ్డుపడితే మూడోవంతు మించకుండా కత్తిరించు. రబ్బరు బుష్‌ల బోల్టులు చివరి బిగుతు బండి నేల మీదున్నప్పుడే ఇవ్వాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

మిగిలిన డబ్బులో మొదటి వాటా వీల్ అలైన్‌మెంట్‌కు. ఎత్తు తగ్గగానే టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది, టైర్ల లోపలి అంచు తినేస్తుంది. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2340 మిల్లీమీటర్లు కాబట్టి ముందు 30 దిగితే క్యాస్టర్, అంటే స్టీరింగు ఇరుసు వెనక్కి వాలిన కోణం, సుమారు ముప్పావు డిగ్రీ తగ్గి, స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం బద్ధకిస్తుంది. చక్రం పక్కకు తిరిగే కింగ్‌పిన్‌కు గ్రీజు కొట్టి, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు చేత్తో ఊపి చూశాకే అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లు, లేదంటే ఆ ఖర్చు వృథా. రెండో వాటా షాకబ్జార్బర్లకు. నూనె కారుతుంటే, నొక్కితే అడ్డు లేకుండా లోపలికి పోతుంటే మార్చు. గట్టిపడిన స్ప్రింగును అరిగిన షాకులు ఆపలేవు.

రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలువు, బోల్టులు బిగించు. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక చక్రం కింద పలక పెట్టి టైరు ఎక్కడైనా తగులుతోందేమో చూడు. ముక్కు వంగింది కాబట్టి హెడ్‌లైట్లు కూడా కొంచెం పైకి సరిచేయించు.

అలైన్‌మెంట్ చీటీ ఫొటో తీసి పంపు, చూస్తాను.

మీ పెదనాన్న