ఆకులపై మచ్చలు: కాలుష్యమా, తెగులా?

రోడ్డు పక్కన ఉన్న మీ చెట్టు ఆకులపై మచ్చలు కాలుష్యం వల్ల వచ్చాయో, తెగులు వల్ల వచ్చాయో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. నేలకు దగ్గరి గాలిలో కాలుష్య వాయువైన ఓజోన్ చేసే హాని సాధారణంగా వెడల్పాటి ఆకుల పైభాగంలో, ఈనెలను వదిలి వాటి మధ్య సన్నని గోధుమ లేదా ఊదా చుక్కలుగా, ముదురు ఆకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది; పై ఆకు కప్పిన భాగం మాత్రం పచ్చగానే మిగిలితే అది నమ్మదగిన ఆనవాలు. మచ్చ మధ్యలో నల్లని చుక్కలు, చుట్టూ పసుపు వలయం ఉంటే శిలీంధ్ర తెగులునే ముందుగా అనుమానించాలి. ఆకుల అంచులు మాడటాన్ని మాత్రం, గాలిని కలుషితం చేసే ఫ్లోరైడ్‌తో పాటు ఉప్పునీరు, నీటి ఎద్దడి కూడా అదే పని చేస్తాయి కనుక, ఒంటరి సాక్ష్యంగా తీసుకోకండి.

బెరడుపై లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి పొరల్లా, పొదల్లా పెరిగే జీవులు) ఉన్నాయో లేదో కూడా తప్పక చూడండి. గాలిని కలుషితం చేసే సల్ఫర్ డయాక్సైడ్‌ను లైకెన్లు, ముఖ్యంగా పొదల్లా పెరిగేవి, తట్టుకోలేవు. లైకెన్లు గాలి స్వచ్ఛతను తెలుపుతాయని ఫిన్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం నైలాండర్ పారిస్‌లో 1866లోనే గుర్తించారు. రోడ్డుకు దూరంగా ఉన్న అదే జాతి, అదే వయసు చెట్టుతో పోల్చి చూశాకే నిర్ణయానికి రండి.