నాలుకకు తెలిసే ఫ్లూ

ప్రశ్న: చూయింగ్ గమ్ లాంటిది నమిలితే లాలాజలాన్ని బట్టి ఫ్లూ ఉందో లేదో తెలిసిపోతుందని చదివాను. పరికరమేదీ లేకుండా అదెలా సాధ్యం? మా అత్తగారికి ఎనభై ఏళ్లు దాటాయి. ఆవిడ కోసం కొనిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చదివింది జర్మనీలోని వ్యూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో లోరెంజ్ మైనెల్ బృందం చేసి, 2025లో ప్రకటించిన పరిశోధన గురించి అయి ఉంటుంది. ఇందులో పరికరం మన నాలుకే.

ఫ్లూ వైరస్ ఉపరితలం మీద న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. హెచ్1ఎన్1 అనే పేరులోని ‘ఎన్’ దానిదే. మన కణంలో తయారైన కొత్త వైరస్‌లు కణం పైనున్న సియాలిక్ ఆమ్లం అనే ఒక రకం చక్కెరకు అతుక్కుపోకుండా, ఆ బంధాన్ని తెంచి వాటిని బయటికి వదిలేది ఈ ఎంజైమే. పరిశోధకులు సియాలిక్ ఆమ్లాన్ని పోలిన అణువుకు థైమాల్ అనే పదార్థాన్ని జతచేశారు. జతగా ఉన్నంతసేపూ థైమాల్ రుచి తెలియదు. వైరస్ ఎంజైమ్ ఆ జతను విడగొట్టిన తరువాతే దాని ఘాటు నాలుకకు తగులుతుంది. వామును అరచేతిలో నలిపితే గుప్పుమనే వాసన ప్రధానంగా ఈ థైమాల్‌దే. అలాగని ఇంట్లోని వాము నమిలి పరీక్ష చేసుకోలేము, ఎందుకంటే అందులోని థైమాల్ వైరస్ ఉన్నా లేకున్నా రుచి తెలుస్తూనే ఉంటుంది.

ఫ్లూ రోగుల లాలాజలాన్ని సీసాల్లో ఈ పదార్థంతో కలిపినప్పుడు అరగంటలోపు థైమాల్ విడుదలైంది. లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ ఇతరులకు అంటుకోగలదు కనుక, ఇంట్లోనే ఇంత తేలిగ్గా అనుమానం కలిగించగల పద్ధతి ఎంతో విలువైనదని నా అభిప్రాయం. ఈ బృందమే అంతకుముందు, 2017లో, దంత ఇంప్లాంట్ల చుట్టూ వాపు ఉంటే చేదు తగిలే చూయింగ్ గమ్‌ను ప్రతిపాదించింది.

అయితే ఫ్లూ పదార్థాన్ని మనుషుల నోట్లో పరీక్షించడం ఆ ప్రకటన నాటికి ఇంకా జరగలేదు. ఇప్పుడు కొనడానికి దొరికే వస్తువు కాదిది. రేపు దొరికినా, వయసుతో రుచి మందగించినవారికీ, జలుబుతో ముక్కు దిబ్బడేసినవారికీ ఘాటు సరిగా తెలియకపోవచ్చు. కాబట్టి ‘రుచి రాలేదు, ఫ్లూ లేదు’ అని నిశ్చింతగా ఉండకూడదు.

మీ అత్తగారికి ఏటా ఫ్లూ టీకా వేయించే విషయం వైద్యుడితో మాట్లాడండి. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు మొదలైతే ఆలస్యం చేయకుండా చూపించండి. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అది అడ్డుకునేది కూడా ఈ న్యూరమినిడేజ్‌నే.