మేకులే మోగుతున్నాయి, వాపసు ఇచ్చేయనా?

ప్రశ్న: నెల క్రితం మొదటిసారి మెటల్ డిటెక్టర్ కొన్నాను. నాలుగు రోజులు తిప్పితే దొరికినవన్నీ మేకులు, సీసా మూతలు, రేకు ముక్కలు. కింద ఏమీ లేకపోయినా ఒక్కోసారి కూస్తోంది. ఇంకొంచెం డబ్బు పెట్టి పెద్దది కొనాల్సిందేమో అనిపిస్తోంది. దీన్ని వాపసు ఇచ్చేయమంటారా?

జవాబు: తొందరపడకండి. మేకు దొరికిందంటే మిషన్ పనిచేస్తున్నట్టే. మనుషులు తిరిగిన నేలలో నాణేలకన్నా తుక్కే చాలా ఎక్కువ. ముందు లోపం మిషన్‌లో ఉందా, సెట్టింగుల్లో ఉందా తేల్చుకోండి. దానికి అరగంట చాలు.

పరీక్ష ఇంట్లో చేయకండి. స్లాబులోని ఇనుప చువ్వలు, కరెంటు తీగలు, వైఫై అన్నీ కాయిల్‌ను (కర్ర చివర ఉండే, లోహాన్ని పసిగట్టే పళ్లెం) గందరగోళపెడతాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి పరికరంతోనే వెతికాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా ఆయన్ను తికమకపెట్టాయి. ఆరుబయట, మేకులు లేని చెక్క స్టూలు మీద కాయిల్‌ను నిలబెట్టండి. ఉంగరం, గడియారం తీసేయండి, ఫోన్ దూరంగా పెట్టండి. కాయిల్‌కు జానెడు దూరంలో ఒక నాణేన్ని అటూ ఇటూ పదిసార్లు ఆడించండి. పదిసార్లూ ఒకేలా మోగితే మిషన్‌కు ఏ జబ్బూ లేదు.

నాణెం లేకుండానే కూస్తుంటే కాయిల్ వైరు చూడండి. కర్రకు వదులుగా చుట్టిన వైరు ఊగినప్పుడల్లా దొంగ శబ్దం వస్తుంది. బిగుతుగా చుట్టి పట్టీ వేయండి, కనెక్టర్ మరను చేత్తో గట్టిగా తిప్పండి, బ్యాటరీలు మార్చండి. ఇనుప ముక్కు బూట్లూ ఇదే పని చేస్తాయి. అప్పటికీ ఆగకపోతే సెన్సిటివిటీని (ఎంత చిన్న సంకేతానికి మోగాలో చెప్పే సెట్టింగు) రెండు మెట్లు తగ్గించండి. కొత్తవాళ్లలో చాలామంది దాన్ని చివరిదాకా పెంచి, మిషన్ చెడిందనుకుంటారు. ఇవన్నీ చేసినా దారికి రాకపోతే మాత్రం గడువు దాటకముందే వాపసు ఇచ్చేయండి.

మిషన్ బాగుందని తేలాక గ్రౌండ్ బ్యాలెన్స్ చూసుకోవాలి, అంటే మట్టి సంకేతాన్ని మిషన్ పట్టించుకోకుండా సరిచేయాలి. మట్టిలోని ఇనుప ఖనిజం కూడా సంకేతం ఇస్తుంది. లోహం లేని చోట కాయిల్‌ను 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 3 సెంటీమీటర్లకు దించుతూ లేపుతూ, శబ్దం మారకుండా నిలిచేదాకా సరిచేయండి. మట్టి రంగు మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. మీ దాంట్లో ఆ సౌకర్యం లేకపోతే, సెన్సిటివిటీ తగ్గించడమే దారి.

తుక్కు విసిగించిందని డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాలు వినపడకుండా నొక్కేసే సెట్టింగు) బాగా పెంచేస్తే ఇంకో నష్టం. మిషన్‌కు లోహం పేరు తెలియదు. వస్తువు పరిమాణం, ఆకారం, అందులో కరెంటు పారే తీరు కలిసి తెర మీద అంకె అవుతాయి. సన్నని బంగారు ఉంగరం అంకె, అల్యూమినియం రేకు అంకె ఒకే చోట పడతాయి. రేకు వినపడకుండా నొక్కేస్తే ఉంగరమూ పోయినట్టే. మొదటి నెల చిన్న ఇనుమును మాత్రమే నొక్కి, మిగతావన్నీ తవ్వండి. అంకె, శబ్దం, దొరికిన వస్తువు మూడింటినీ ఒక పుస్తకంలో రాసుకోండి.

తవ్వేముందు ఒక చిన్న పరీక్ష: మోగిన చోటు చుట్టూ పావు వంతు తిరిగి, అడ్డంగా మళ్లీ ఊపండి. నాణెం రెండు వైపులా ఒకేలా పలుకుతుంది. పడుకున్న మేకు ఒకవైపు నిండుగా మోగి, రెండో వైపు తెగి తెగి పలుకుతుంది. పెద్ద తుప్పు రేకు, సీసా మూత మాత్రం ఈ పరీక్షనూ మోసం చేయగలవు.

ప్రశ్న: నాణేలు ఎంత లోతు దాకా తెలుస్తాయి? పెద్ద కాయిల్ కొంటే లోతు పెరుగుతుందా?

జవాబు: తొమ్మిది, పది అంగుళాల కాయిల్‌తో మంచి మట్టిలో నాణెం 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే సంతోషించాలి. ప్రకటనల్లో చెప్పే మీటర్ల లోతు పెద్ద వస్తువులకే. కాయిల్ నుంచి చిన్న వస్తువు దూరమయ్యేకొద్దీ సంకేతం కుప్పకూలుతుంది: కాయిల్ వెడల్పుకు మించిన లోతుల్లో, దూరం రెట్టింపైతే సుమారు 64వ వంతే మిగులుతుంది. అందుకే కాయిల్‌ను నేలకు 2, 3 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచండి. ఊపు చివర్లలో చేయి పైకి లేస్తుంది, అక్కడే లోతంతా పోతుంది. ఒక ఊపుకు రెండు సెకన్లు తీసుకోండి. ప్రతి ఊపూ ముందటి దానిమీద సగం పడాలి. లోతులోని నాణెం గుసగుసలా పలుకుతుంది కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

పెద్ద కాయిల్ ఇప్పుడే వద్దు. తుక్కున్న నేలలో అది నాలుగు వస్తువులను ఒకేసారి చూసి కలగాపులగం చేస్తుంది. అక్కడ ఐదారు అంగుళాల చిన్న కాయిల్ మేలు, మేకు పక్కనున్న నాణేన్ని విడదీసి చూపిస్తుంది. అంతకన్నా ముందు చేతిలో పట్టే పిన్‌పాయింటర్ కొనండి. గుంతలో వస్తువు ఏ మూలనుందో చెప్పి, నాణేనికి గీత పడకుండా కాపాడేది అదే.

మరొకటి. నేల యజమానిని అడగకుండా తవ్వకండి, రక్షిత కట్టడాల దగ్గరికి మిషన్ తీసుకెళ్లకండి. పాత వస్తువు దొరికితే ఎవరికి తెలియజేయాలో మీ చోటి చట్టం ముందే చదువుకోండి. ఫిరంగి గుండులా కనిపించేది బయటపడితే ముట్టుకోకుండా దూరం జరిగి పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: పొడి ఇసుకలో బాగానే ఉంది, తడి ఇసుకలో ఆగకుండా అరుస్తోంది. ఎందుకు?

జవాబు: ఉప్పునీటి తడిలో కరెంటు పారుతుంది కాబట్టి ఇసుకే లోహంలా పలుకుతుంది. బీచ్ మోడ్ ఉంటే పెట్టి, తడి ఇసుక మీదే గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేసి, సెన్సిటివిటీ సగానికి దించండి. ఒకే ఫ్రీక్వెన్సీ తరంగంతో వెతికే మిషన్ అయితే అంతకుమించి ఆశించలేం. తడి ఇసుకలోనే వెతకాలనుకుంటే మాత్రం మిషన్ మార్చాలేమోనన్న మీ మొదటి సందేహం సరైనదే: ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో వెతికే బహుళ ఫ్రీక్వెన్సీ మిషన్‌కు మార్చుకోండి. కరెంటును చిన్న చిన్న విడతలుగా పంపి వెతికే పల్స్ ఇండక్షన్ మిషన్ ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది, కానీ ఇనుమును సరిగా విడదీయలేదు, ప్రతి మేకూ తవ్వాల్సి వస్తుంది. ఇంటికి రాగానే కాయిల్‌ను మంచినీళ్లతో కడగండి. తెర, బటన్లు ఉండే పైపెట్టెకు నీటి రక్షణ లేకపోతే దాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు.